పాతది మాకు కొత్త గాదు

పారేయొద్దు, మళ్ల వాడుకోండ్రి అంటున్నరు. మంచి మాటనే. కాని ఎవలకు చెప్తున్నరు?

ఈ ప్రశ్న అడిగితే నన్ను పర్యావరణానికి శత్రువు కింద జమ కడుతరు. కట్టనియ్యుండ్రి. జన్మంత పాత వాటి మీదనే బతికినోళ్ల బిడ్డను నేను. పాత వస్తువును మళ్లీ వాడుకునే విద్య గురించి మాట్లాడే హక్కు ఈ దేశంల ఎవలకన్న ఉన్నదంటే అది ముందుగాల మా వాడకున్నది. ఇన్నేండ్లు మమ్ముల ఎవలూ అడగలే. ఇప్పుడు మాకే పాఠం చెప్పొస్తున్నరు. అందుకని మాట్లాడుతున్న.

2022 అక్టోబర్ 20 నాడు గుజరాత్‌లోని కేవడియాల ప్రధానమంత్రి, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కలిసి మిషన్ లైఫ్ అనే కార్యక్రమం మొదలువెట్టిన్రు. ఏడు భాగాలు, 75 పనులు. పాత బట్టలు, పుస్తకాలు దానం చేయాల్నని అందుల ఉన్నది. పాత ఫర్నిచర్ బాగు చేసుకొని మళ్ల వాడాల్నని ఉన్నది. 2023 మే నెలల పట్నాలల్ల పాత సామాను తీసుకునే కేంద్రాలు తెరిచిన్రు. గది బడిదాకా వచ్చేసరికి ఎకో క్లబ్బు అయింది. ఎకో క్లబ్బు మా చేతికొచ్చేసరికి ‘వ్యర్థంతో అర్థం’ పోటీ అయింది. ప్లాస్టిక్ సీస కోసి పూలకుండి. పాత చీరెతోని కాళ్లు తుడుసుకునే పట్ట. కొబ్బరి చిప్పతోని చాయ కప్పు. టైరుతోని ఊయల. పిల్లలు చేసుకరావాలె, టీచర్లు ఫోటోలు తియ్యాలె, ఫోటోలు గ్రూపుల వెట్టాలె.

నేను సర్కారు బడి టీచర్ను. మాది డోంగ్లి. తెలంగాణకు ఆ కొసన, మహారాష్ట్రకు ఈ కొసన ఉంటది. ఇంట్ల తెలుగు, అంగట్ల మరాఠీ. నిజామాబాద్ జిల్లా మద్నూర్ మండలంల ఉండె మా ఊరు. 2016ల కామారెడ్డి జిల్లా అన్నరు, 2022ల డోంగ్లినే మండలం చేసిన్రు. జిల్లా మారింది, మండలం మారింది. మా మాదిగవాడ మాత్రం ఊరికి ఏ దిక్కున ఉండెనో ఆ దిక్కుననే ఉన్నది. మా వంశంల డిగ్రీ కాగితం చేత వట్టిన మొదటి మనిషిని నేనే. ఆ కాగితం వెట్టనీకి ఇంట్ల బీరువ లేకుంటే మా అవ్వ దాన్ని పాత బిస్కిట్ల డబ్బల వెట్టి చూరుకు చెక్కింది. ఇది సుత రీయూజే గదా!

మా ఇంట్ల పారేసుడు అనే పనే లేకుండె. కొనేదే లేనప్పుడు పారేసేది యాడికెల్లి వస్తది? నూనె డబ్బా దొరికితే మూత కోసి, అంచు మలిచి, నడుమ కట్టె కొట్టి నీళ్లు మోసేటోళ్లం. అది తుప్పు వట్టి అడుగు ఊడితే నిలువున కోసి, సాపు చేసి, గుడిసె మీద రేకు లెక్క పరిచేటోళ్లం. యూరియ సంచికి మా ఇంట్ల ఐదారు జన్మలు. మొదలు వానకు కొప్పెర. తర్వాత నాలుగు సంచులు విప్పి కుడితే జొన్నలు ఆరవోసే పట్ట. అటెన్క తానాల తడకకు తెర. ఆఖరికి పోగులు పీకి తాడు పేనుడు. నా బడిసంచి సుత యూరియ సంచే. ఎన్ని నీళ్లల్ల ఉతికినా దాని వాసన పోకపోయేది, పుస్తకాలకు గుడ అదే వాసన. దగ్గుమందు సీస మూతకు చిల్లి వొడిచి గుడ్డపీలిక దూరిస్తే గ్యాసునూనె దీపం. కరెంటు పోయిన రాత్రులల్ల ఆ దీపం కిందనే పదో తరగతి చదివిన. సైకిల్ ట్యూబు కోస్తే కట్టెల మోపుకు కట్టు, టైరు కోస్తే చెప్పుకు అట్ట. బ్యాటరీ సెల్లు అయిపోతే పగలగొట్టి అందులకెల్లి నల్లపొడి తీసి, చిక్కుడాకు పసరుతోని కలిపి బడిల నల్లబోర్డుకు రుద్దేటోళ్లం. రుద్దేటందుకు మా వాడ పిల్లలనే పిలిచేది, ఎందుకంటే మా చేతులు ఎట్లాగు నల్లగనే ఉంటయట. ఆ పొడి పసిపిల్లల చేతులకు మంచిది గాదని నాకు టీచర్ ట్రైనింగుల సుత ఎవలూ చెప్పలే.

బొంత ముచ్చట చెప్పాలె. ఎండకాలం మా వాడల నలుగురాడోళ్లు ఒక్క దగ్గర కూసుంటే బొంత పుట్టేది. కింద మంచి చీరె, పైన మంచి చీరె. మంచిదంటే చినిగినా నేత ఇంక నిలిచినదన్నట్టు. నడిమిట్ల పాత ధోతులు, అంగీలు, పావడాలు, చిన్నపిల్లల లాగులు. ఎక్కడ పలచగుంటే అక్కడ ఒక ముక్క, ఎక్కడ ఉబ్బితే అక్కడ ఒక ముక్క తీసివేత. దారం కొనకపోయేది. చీరె అంచులకెల్లి పోగులు లాగి, తొడ మీద పేని, దబ్బనానికి ఎక్కించేటోళ్లు. నాలుగు మూలలకు నలుగురు కూసోని లోపటికి కుట్టుకుంట వస్తరు. నడుమల కలుసుకుంటరు. వరుస వంకర పోదు. బద్ద లేదు, సున్నం గీత లేదు, కండ్లే కొలత. మూలలకు మాత్రం రంగు గుడ్డ మూడు మూలల ముక్క పెట్టేది మా అవ్వ. ఎందుకే అంటే, “చూస్తందుకు బిడ్డా” అనేది. కప్పుకునేదానికి చూపెందుకు? మా బతుకుల అందం అంటే ఆ మూడు మూలల ముక్కంతనే. మరాఠీ దిక్కు దీన్ని గోధడి అంటరు, కర్ణాటకల కౌది అంటరు. ఇప్పుడు పట్నం ఎగ్జిబిషన్లల్ల ఇసోంటిదే గోడకు వేలాడదీసి అమ్ముతున్నరు. కుట్టినామె పేరు దాని మీద ఉండదు.

ఇక మా తాతది. ఊర్ల ఎద్దు సచ్చిందంటే ఊరికి అది పీనుగ, మా తాతకు అది పని. పీనుగను మోసుకచ్చుడు వెట్టి. తోలు తీసుడు, సున్నపు గోలెంల నానేసి ఎంటికలు గీకుడు, లందల తంగెడు చెక్క నీళ్లల్ల దినాలకు దినాలు తిప్పుడు. చెక్క ఎక్కువైతే తోలు కరకరమంటది, తక్కువైతే మురుగుతది. ఆ లెక్క ఏ పుస్తకంల లేదు, మా తాత ముక్కుల ఉండె. ఆ తోలుతోని మోట బొక్కెన, దాని తొండం, ఎడ్లకు పట్టెడలు, చెర్నకోల, ఊరందరికి చెప్పులు. కొవ్వు బండి ఇరుసుకు. నరం కుట్టుకు. బొక్కలు కొనెటోళ్లు వచ్చి కొనుకపోయేది. మిగిలిన పేడు, చెక్క చేన్ల ఎరువు. సచ్చిన జీవిల ఒక్క ముక్క వృథా పోనియ్యని మనిషి మా తాత. ఆ మోట బొక్కెన తోడిన నీళ్లతోని ఊరి పొలాలు పారినయి. ఆ నీళ్లు తాగనీకి మాత్రం బాయి దగ్గరికి రానియ్యలే. మీరు ఇప్పుడు ‘జీరో వేస్ట్’ అని ఇంగ్లీషుల అంటున్నదానికి అప్పట్ల ఊరు వెట్టిన పేరు అంటరానితనం.

మరి మీరు నన్ను అడగొచ్చు. ఇన్ని తెలివితేటలు మీ దగ్గర ఉన్నయంటున్నవు, గర్వపడాలె గదా, గొడవ ఏంది అని.

గొడవ గిది. ఆ తెలివి మాది. ఆ పాతది మాత్రం మా ఇష్టం గాదు. అది మాకు వేసిన శిక్ష. మనుస్మృతి పదో అధ్యాయం తెరిచి చూడుండ్రి. సేవ చేసే శూద్రునికి ఏమియ్యాల్నో 125వ శ్లోకంల లెక్క రాసిండు. మిగిలిన అన్నం, పాత బట్టలు, తాలు గింజలు, పాత ఇంటి సామాను. చండాలునికి అదీ ఎక్కువే అనుకున్నట్టున్నడు. 52వ శ్లోకంల పీనుగుల మీది బట్టలు, పగిలిన కుండల తిండి, ఇనుప సొమ్ములు చాలన్నడు. ‘పాత బట్టలు, పాత సామాను’ అనే మాట మీరు 2022ల 75 పనుల జాబితాల చదివిన్రు. మేం అంతకు ముందునుంచి చదువుతున్నం. రెండూ ఒకటే అంటలేను. ఆ జాబితా రాసినోళ్ల మనసుల మనువు లేకపోవచ్చు. కాని ‘దానం చేయండి’ అని రాసేటప్పుడు, పుచ్చుకునే చెయ్యి ఎవలదో వాళ్లకు యాదికి రాలే. ఈ దేశంల దానానికి ఎప్పుడూ ఒక దిక్కే ఉంటది, అది ఊర్లకెల్లి వాడకు.

కొత్తది కొన్నందుకు మమ్ముల కొట్టిన్రు. ఇది కత గాదు. అహ్మదాబాద్ జిల్లా జాను అనే ఊర్ల 1935 నవంబర్ల కొంచెం కలిగిన అంటరాని ఇండ్ల ఆడోళ్లు మట్టికుండలు ఇడిసి లోహపు బిందెలతోని నీళ్లు తేవడం మొదలువెట్టిన్రు. ఊరోళ్లకు అది అవమానమనిపించింది. ఆడోళ్ల మీద పడి కొట్టిన్రు. అంబేద్కర్ 1936ల ‘కుల నిర్మూలన’ల ఈ సంగతి రాసిండు. ఒక్క బిందె! ఇంట్ల వాడుకునే బిందె! ఇప్పుడు పర్యావరణం చదువుకున్నోళ్లు మట్టికుండ మంచిది, మట్టికుండకు మళ్లండి అంటరు. నిజమే, మట్టికుండ నీళ్లు సల్లగుంటయి. నేను సుత ఎండకాలం పెడుత. కాని జానుల దెబ్బలు తిన్న ఆడోళ్లకు ఆ బిందె ఏమయి ఉంటదో ఒక్క నిమిషం ఆగి తలుచుకొని చెప్పుండ్రి.

1927ల మహద్‌ల అంబేద్కర్ మావోళ్లకు చెప్పిందేమిటి? సచ్చిన గొడ్డు మాంసం తినకుండ్రి, ఎంగిలి మెతుకులకు చెయ్యి చాపకుండ్రి అన్నడు. ఆడోళ్లను కూసోబెట్టుకొని, మీ కులాన్ని పట్టిచ్చే గుర్తులు ఒంటి మీద ఉంచుకోకుండ్రి అన్నడు. ఆ ఏడే డిసెంబర్ 25 నాడు మనుస్మృతిని కాలవెట్టిన్రు. మా విముక్తి కొన్ని వస్తువులను పారేసుడుతోనే మొదలైంది. మాకు పారేసుడు సుత ఒక ఉద్యమమే.

నా కండ్లతోని చూసింది చెప్త. దసరకు ముందు మా అవ్వ ఒక పెద్దింటికి పోయేది. ఏడాది పొడుగూత ఊడ్చినందుకు, అలికినందుకు ఒక పాత చీరె. ఆ చీరె పండుగ నాడు కట్టుకొని ఆ ఇంటి ముందటికెల్లి పోవాలె. ఇచ్చింది కట్టుకున్నదా లేదా అని చూస్తరు. ఒక యాడాది మా బాపు దెగ్లూర్ అంగట్ల కొత్త చీరె తెచ్చిండు, ఆకుపచ్చది. అవ్వ దాన్ని పండుగ నాడు కట్టలే. “కండ్లల్ల వడ్తది” అన్నది. పండుగ ఎల్లిన మూడోనాడు చేన్లకు పోంగ కట్టింది. కొత్త చీరె కట్టుకొని పత్తేరవోయిన ఆడమనిషిని మీరెన్నడన్న చూసిన్రా? నేను చూసిన.

ఇంకో సంగతి. మధ్యల స్టీలు సామానోళ్లు ఊర్లల్లకు వచ్చుడు మొదలైంది. పాత చీరెలియ్యుండ్రి, స్టీలు గిన్నె తీసుకోండ్రి అని. అప్పటిసంది పెద్దిండ్లల్ల దానధర్మం తక్కువైంది. రెండు చీరెలకు ఒక టిఫిన్ గిన్నె వస్తుంటే మా అవ్వకెందుకిస్తరు? మా అవ్వకు కోపం రాలే, నవ్వింది. “పోనీ తియ్యి, ఒక దండం తప్పింది” అన్నది.

ఇప్పుడు గిలాస కాడికి వస్త. నా అసలు తగాద గిక్కడ్నే ఉన్నది.

మా దిక్కు ఒక హోటల్ల మా బాపు చాయ తాగిన గిలాస వేరే. అది హోటల్ల లోపట ఉండదు, బయట తడక సందుల ఉంటది. తీసుకోవాలె, కడుక్కోవాలె, చాపాలె. వాళ్లు పైకెల్లి పోస్తరు. తాగి, మళ్ల కడిగి, ఆ సందులనే పెట్టాలె. అంతకు ముందు మా తాతకు గిలాస సుత లేదు, కొబ్బరి చిప్ప. ఇప్పుడు మీరు కొబ్బరి చిప్పకు పాలీష్ వెట్టి, కింద పీట అతికి, పోటీల బహుమతి ఇస్తున్న కప్పు అదే. 1955ల అంటరానితన నేరాల చట్టం వచ్చినప్పుడే నాలుగో సెక్షన్ల హోటళ్లల్ల పాత్రల ముచ్చట రాసిన్రు. ఒక మనిషిని పాత్ర వాడనియ్యకుంటే నేరమని చట్టమున్నది. చట్టం పుస్తకంల ఉన్నది, గిలాస తడకల ఉన్నది.

ఆ గిలాసను తడకలకెల్లి తీసింది చట్టం గాదు. ఉద్యమాలు చేసిన చోట ఉద్యమం తీసింది. మా దిక్కు మాత్రం తీసింది తాగి పారేసే గిలాస. మొదలు పలచటి ప్లాస్టిక్‌ది, తర్వాత కాయితంది. అందరికి ఒకటే గిలాస. తాగంగనే అందరిదీ ఒకటే కుప్పల పడ్తది. నా ముందట ఎవలు తాగిన్రు, నా ఎన్కల ఎవలు తాగుతరు అనే లెక్కనే లేదు. హోటలాయన మారలే, ఆయన మనసు మారలే, గిలాస మారింది. మా బాపు మొదటిసారి ఆ గిలాస పట్టుకొని వచ్చి అన్న మాట నాకు ఇప్పటికీ యాదికున్నది: “గీ గిలాసకు ఎన్కా ముందు లేదు బిడ్డా.”

2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గిలాసలు, పళ్లాలు, చెంచాలు దేశమంత బంద్ అన్నరు. మంచిదే. నేను దానికి అడ్డం చెప్తలేను. ప్లాస్టిక్ తిని సచ్చిన బర్ల కడుపులు కోసి చూసింది మావోళ్లే. ఆ నష్టం మాకు తెల్వదా? నేనడిగేది ఒక్కటే. కాయితం గిలాస సుత వద్దు, స్టీలు గిలాస మళ్ల తేవాలె అని మీటింగులల్ల చెప్తున్నోళ్లారా, ఆ గిలాస ఎవలు కడుగుతరు? ఎవలది ఎవలు కడుగుతరు? కడిగిన గిలాసలు ఒక్కటే బుట్టల ఉంటయా, రెండు బుట్టలల్లనా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయకుంట స్టీలు గిలాస తెస్తే, తడక సందు మళ్ల తయారైతది.

అట్లని పారేసే గిలాసనే మా దేవుడా అంటే, కాదు. పారేసిన గిలాస ఎటు పోతది? మోరీలకు. మోరీ ఎవలు తీస్తరు? 2019ల పల్లె ప్రగతి అని ఊరూరికి ట్రాక్టర్ ఇచ్చిన్రు, డంపింగ్ యార్డులు కట్టిన్రు. ఆ ట్రాక్టర్ ఎనక నడిచేది ఎవలు? మా దిక్కు ఏ ఊరైనా పొద్దుగాల పోయి నిలవడి చూడుండ్రి. మా చిన్నమ్మ కొడుకులు, మా మేనత్త బిడ్డలు. వాడుకుంటే కడిగేది మేమే, పారేస్తే ఎత్తేది మేమే. రీయూజ్ చేసినా, త్రో చేసినా మా నెత్తి మీదికే వస్తది. అందుకే ఈ ముచ్చట వస్తువు కాడ మొదలువెడితే తెగదంటున్న.

పోటీల సంగతి సుత చెప్త. అది జరిగింది ఏ బడిలనో, ఏ మండలంలనో నేను రాయను. అసోంటి బడులు మస్తున్నయి. బహుమతి వచ్చిన వస్తువు ఒక సీస. దాని మీద అద్దాలు, ముత్యాలు, బంగారు రంగు, జిగురు. అన్నీ పట్నంల కొన్నవే. పాత సీస ఒక్కటే పాతది. అదే వరుసల మా కులం పిల్ల ఒకామె చిన్న బొంత తెచ్చి పెట్టింది. వాళ్ల నాయనమ్మ తోని కూసోని తనే కుట్టింది, పసిపిల్ల కింద ఏసేటంత. ఒక్క పైస ఖర్చు లేదు, దారం సుత చీరె అంచుదే. జడ్జిగ వచ్చినాయన దాన్ని చేతితోని ముట్టలే. పెన్నుతోని కొస లేపి చూసిండు.

“సార్, ఇది రీయూజ్ గాదా?” అని అడిగిన.

“ఇండ్లల్ల వాడేదే గదా మేడం. ఇందుల క్రియేటివిటీ ఏమున్నది?” అన్నడు.

అంటే ఏంది? పనికొస్తే అది క్రియేటివిటీ గాదు! షోకేసుల పెట్టి దుమ్ము పడితే క్రియేటివిటీ! అక్కరకు చేస్తే కులవృత్తి, సరదాకు చేస్తే కళ. కడుపు నిండినోడు పాత టైరుతోని ఊయల కడితే ఆలోచన, మా బాపు అదే టైరుతోని చెప్పు కుడితే అలవాటు. ఆరె, రంపె, గూటం పట్టిన చెయ్యి ఇంజనీరు చెయ్యి అని ఒక్క పాఠ్యపుస్తకమన్న చెప్పి ఉంటే, ఆ పిల్ల బొంతను పెన్నుతోని లేపే ధైర్యం ఆయనకు వచ్చేదా? ఆ పిల్ల ఏడ్వలే. బొంతను మడత వెట్టుకొని సంచిల వెట్టుకున్నది. “ఇంటికాడ తమ్మునికి కావాలె టీచర్” అన్నది.

ఇప్పుడు ఎవలూ పోటీ పెట్టని ఒక రీయూజ్ ఉన్నది. దాని మీద మిషన్ రావాలె. మాది పత్తి నేల. మద్నూర్ దిక్కు పత్తి, సోయ, కంది. పత్తి ఉన్నకాడ మందు డబ్బా ఉంటది. ఐదు లీటర్ల మందు డబ్బా ఎంత మంచి వస్తువనుకున్నరు! గట్టి ప్లాస్టిక్, బిగుతు మూత, పట్టుకోనీకి పిడి. కింద పడ్డా పగలదు. కొట్టు కాడ అసోంటిది కొనాల్నంటే పైసలు కావాలె. మందు కొట్టేది కూలికి పోయిన మావోడు, ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చుకునేది మావోడే. మూడుసార్లు బూడిదతోని కడిగి నీళ్లు పోసుకుంటరు, నూనె పోసుకుంటరు, చేన్లకు మజ్జిగ తీస్కపోతరు. 1971 పురుగుమందుల నిబంధనలల్ల 44వది ఈ ముచ్చటనే చెప్తది. ఖాళీ డబ్బాలు బయట పడేయొద్దు, మళ్ల వాడకుంట పగలగొట్టి, ఇండ్లకు దూరంగ పూడ్చిపెట్టాలె. డబ్బా మీద నాలుగు మూలల గుర్తుంటది. అందుల కింది సగం ఎర్రగుంటే మస్తు విషమన్నట్టు. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఈ రంగుల లెక్క అమ్మెటోడు చెప్పడు, కొనెటోడు అడగడు, కొట్టెటోనికి తెల్వది.

2013 జూలై 16 నాడు బీహార్‌ల సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిల మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు సచ్చిపోయిన్రు. అన్నంల తేలింది మోనోక్రోటోఫాస్, పురుగుల మందు. మందు ఉన్న డబ్బల పోసిన నూనెతోనే వండిన్రని పోలీసోళ్లు చెప్పిన్రు. ఒక్క డబ్బా. మళ్ల వాడిన ఒక్క డబ్బా. పారేయొద్దని ఊరూరా చాటేటోళ్లు, ‘ఇది మాత్రం పారేయండి’ అని ఎందుకు చాటుతలేరు? ఏ వస్తువు మళ్ల వాడాల్నో, ఏది వాడొద్దో తేడా చెప్పనోడు పర్యావరణం చెప్తున్నట్టు గాదు. పేదోడు ఏదైనా వాడుకుంటడు, వాని కడుపు ఏదైనా అరిగించుకుంటది అని అనుకుంటున్నట్టు. మందు అమ్మిన దుకాణమే ఖాళీ డబ్బా వాపస్ తీసుకోవాలె, తీసుకున్నందుకు ఇంత పైకం ఇయ్యాలె. అప్పుడు చూడుండ్రి ఒక్క డబ్బా అన్న మా వాడకు వస్తదేమో. ఇది అడగనీకి ఎకో క్లబ్బు అక్కరలేదు, మూతకు మేకు కొట్టెటంత బుద్ధి చాలు.

మా వృత్తి మీద ప్రేమ ఒలకవోసేటోళ్లకు సుత ఒక మాట. 2016 జూలై 11 నాడు గుజరాత్‌ల ఊన దగ్గర మోటా సమాధియాలా ఊర్ల సచ్చిన ఆవు తోలు తీస్తున్న మావోళ్లను కొట్టిన్రు. తర్వాత ఊనల బండికి కట్టి, బజార్ల తిప్పుకుంట కొట్టిన్రు. ఆ నెలలనే సురేంద్రనగర్‌ల దళితులు సచ్చిన ఆవులను బండ్లల్ల ఏసుకొనివచ్చి కలెక్టర్ ఆఫీసు ముందట కుమ్మరించిన్రు. మీ తల్లిని మీరే సూసుకోండ్రి అన్నరు. వాసనకు ఊరు ముక్కు మూసుకున్నది. వేల ఏండ్లు మళ్ల వాడకానికి తెచ్చిన చేతులు ఒక్కసారి వాపస్ తీసుకుంటే ఏమైతదో అప్పుడు తెలిసింది. వేరే కులపోళ్లు సుత వచ్చి తోలు పని నేర్సుకుంటమంటే రమ్మనుండ్రి, మా బాపు ఇప్పటికి నేర్పుతడు. లంద కాడ రెండు దినాలు కూసున్నంక మాట్లాడుదాం, జీరో వేస్ట్ గురించి.

నా బడిల నేను చేస్తున్నదేందో చెప్పమంటరు. పెద్దదేం లేదు. పూలకుండీలు చేయించుడు బంద్ వెట్టిన. పిల్లలు ఇంటికాడికెల్లి తెచ్చిన మందు డబ్బాలకు పెద్దోళ్లతోని చిల్లులు వొడిపించి, లెక్క రాసి, పంచాయతీకి రాసిచ్చిన. పిల్లలను వాటి మీద చెయ్యి వెట్టనియ్యలే. బొంత కుట్టుడు గురించి ఒక నాయనమ్మను పిలిచి కుర్చీ ఏసి కూసోబెట్టి పాఠం చెప్పిచ్చిన. ఆమె కుర్చీల కూసోకుంట కింద కూసుంటనన్నది. కుట్టుడు కిందనే వస్తదట. సరే అని మేమందరం కింద కూసున్నం.

ఒక పుణ్యాత్ముడు బడికి నలభై స్టీలు గిలాసలిచ్చిండు. వాటికి రంగు గుర్తులు లేవు, పేర్లు లేవు, అన్నీ ఒక్కటే బుట్టల ఉంటయి. కడిగే పని రోల్ నంబర్ల వరుస. రోజుకు నలుగురు. మొగపిల్లలు సుత. ఆ కాయితం గోడకు అతికిచ్చిన. వారం దినాలకు ఒక పెద్దమనిషి వచ్చిండు.

“ఏం టీచరమ్మా, మా పోరడు ఎవలెవల ఎంగిలో కడగాల్నా?”

“కడగాలె పటేలా. రోల్ నంబరు పదిహేడు. శుక్రారం వస్తది.”

ఆయన కాయితం కాడికి పోయి వేలు వెట్టి చదువుకున్నడు. పదహారు ఎవలో, పద్దెనిమిది ఎవలో చూసుకున్నడు. ఏమనలే, బండెక్కి పోయిండు. శుక్రారం పిల్లగాడు బడికి రాలే. సోమారం వచ్చిండు, సోమారమే కడిగిండు. నురుగు ఎక్కువ చేసి మిగతా ముగ్గురి మీద చల్లిండని నాకు కంప్లెంటు వచ్చింది.

ఆ కాయితం ఫోటో తీసి, ఈ ఏడు పోటీకి మా బడి తరఫున ఇదే అని గ్రూపుల వెట్టిన. పూలకుండీలకు పడ్డన్ని బొటనవేళ్లు దానికి పడలే.